గుమ్మానికి అడ్డంగా ఒక గోడ

మా తోడల్లుడి కూతురు లావణ్య ఈమధ్యనే మున్సిపల్ ఇంజనీరుగా చేరింది. చేరిన కొద్దిరోజులకే భవానీపురంలో మా ఇంటికొచ్చి కూర్చుంది. "పెదనాన్నా, పాత బిల్డింగులు చూసి ఉంచాలో కూల్చాలో చెప్పే పని నా నెత్తిన పెట్టారు. మా పుస్తకాల్లో ఇది ఎక్కడా లేదు" అంది.

ఉండదమ్మా. కొత్త ఇల్లు కట్టడం గురించి అలమారా నిండా పుస్తకాలున్నాయి. పాత ఇంటితో మాట్లాడ్డం మాత్రం ఇంకొకళ్ల పక్కన నిలబడి నేర్చుకోవాల్సిందే. నేను అలాగే నేర్చుకున్నాను. ఆమె కోసం, ఆమె లాంటి పిల్లల కోసం నాకు తెలిసిన నాలుగు ముక్కలు రాస్తున్నాను. నాకెప్పుడు ప్రమోషన్ వచ్చింది, ఎక్కడెక్కడికి బదిలీ చేశారు లాంటివి ఇందులో ఉండవు. ఆ కథలంటే మా ఆవిడకే విసుగు, మీకెందుకు?

కూల్చమనడం తేలిక

ముందు ఒక చేదు మాట చెప్పేస్తాను. మా పనిలో కూల్చమని రాసిన ఇంజనీరుని ఎవరూ ఏమీ అనరు. ఇల్లు కూల్చేశాక అది ఇంకో యాభై ఏళ్లు నిలబడేదని నిరూపించేదెవరు? ఉంచవచ్చని రాసినవాడికి మాత్రం ప్రతి తుపానుకీ గుండె దడే. అందుకని చాలామంది గోడమీద ఒక పగులు కనపడగానే "శిథిల భవనం" అని రాసి చేతులు దులుపుకుంటారు. అలా రాయడానికి చదువు అక్కర్లేదు. బెదిరిపోవడం వస్తే చాలు.

నిజంగా కూల్చాల్సినవి లేవనను. నేనే చాలా కూల్పించాను. కానీ పగులు అనేది జ్వరం లాంటిది. ఒళ్లు కాలుతోందని మనిషిని తీసుకెళ్లి పాతిపెట్టం కదా! జ్వరం ఎందుకొచ్చిందో చూస్తాం.

ఇది నాకు నేర్పినవాడు అప్పారావుగారు. ఉద్యోగంలో నాకు మొదటి పై అధికారి. బందరు మనిషి, నోరు మంచిది కాదు, చెయ్యి చాలా మంచిది. నేను రాసిచ్చిన రిపోర్టులు చదివి "ఇది ఇల్లు చూసి రాశావా, కిళ్లీకొట్టు దగ్గర నిలబడి రాశావా" అనేవాడు. మొదటి ఏడాది ఆయనంటే నాకు ఒళ్లు మండేది. తర్వాత ఆయన సైకిలు ఎటు పోతే నా సైకిలు అటే.

నల్ల అద్దాలు

ఓసారి బందరులో ఒక పాత బంగళా మరమ్మతుకి వెళ్లాం. పైన గవాక్షాల అద్దాలన్నీ నల్లగా ఉన్నాయి. కాంట్రాక్టరు వాటిని చూసి, "ఏళ్ల తరబడి పట్టిన మసి సార్, పోయేది కాదు, అద్దాలన్నీ మార్చాల్సిందే" అన్నాడు. అప్పారావుగారు నిచ్చెనెక్కి, జేబురుమాలు తడిపి, ఒక అద్దాన్ని రుద్ది చూశారు. నలుపు అద్దానికి లోపలివైపు మాత్రమే ఉంది. బ్రష్షు గీతలు కూడా కనపడుతున్నాయి. కిందికి దిగొచ్చి నవ్వారు.

"ఇది మసి కాదయ్యా, నా చిన్నతనం" అన్నారు.

ఆయన బడికెళ్లే రోజుల్లో రెండో ప్రపంచ యుద్ధం. విశాఖపట్నం మీద, కాకినాడ మీద బాంబులు పడ్డాయన్న కబురు రాగానే బందరు సగం ఖాళీ అయిందట. సముద్రం మీంచి వచ్చేవాడికి దీపం కనపడకూడదని అద్దాలకి నల్లరంగు పూశారు. చీకటిపడ్డాక ఇంట్లో లాంతరు వెలుగు వీధిలోకి కనపడితే కాపలావాళ్లు ఈలలు వేసుకుంటూ వచ్చి కేకలేసేవాళ్లట. ఆయనా, ఆయన స్నేహితులూ గంజి పట్టుకుని ఇంటింటికీ తిరిగి కిటికీ అద్దాలకి కాగితం పట్టీలు అంటించారట, పేలుడుకి అద్దం పగిలినా ముక్కలు ఎగరకుండా.

అదే రోజు వేరే వీధిలో ఒక పాత సర్కారు కచేరీకి తీసుకెళ్లి ఇంకొకటి చూపించారు. గుమ్మానికి ఎదురుగా, నాలుగడుగుల దూరంలో, మనిషి కంటే ఎత్తుగా, మందంగా ఒక ఇటుకగోడ. ఇంటికి అతుక్కోకుండా ఒంటరిగా నిలబడి ఉంది. లోపలికి పోవాలంటే గోడ పక్కనుంచి తిరిగి పోవాలి. బాంబు వీధిలో పడితే దాని పెంకులు గుమ్మంలోంచి లోపలికి దూసుకురాకుండా కట్టిన అడ్డుగోడ అది. జనం పోగయ్యే చోట్ల కట్టించారట. హడావిడిగా కట్టినవి, పునాది పేరుకే ఉంటుంది.

"ఈ డెల్టాలో ఏ పాత ఇంటికెళ్లినా యుద్ధంలో అక్కడ ఏం చేశారో అడుగు. కట్టినవాడు ఒక లెక్కన కడతాడు, భయపడ్డవాడు ఇంకో లెక్కన కడతాడు. రెండూ కలిసినచోటే పగులు వస్తుంది" అన్నారు. ఆ మాట నాకు ఉద్యోగం ఉన్నంతకాలం అన్నం పెట్టింది.

నాంచారయ్యగారి కందకం

ఆ మాట ఎంత నిజమో తొందరలోనే తెలిసింది. బందరుకి అవతల, సముద్రం దాపున, నాంచారయ్యగారని చేపల వ్యాపారి ఉండేవారు. పడవలూ వలలూ ఉన్న పెద్ద కుటుంబం. ఆయన పెరటి ప్రహరీగోడ ఒకచోట కాదు, నాలుగుచోట్ల కిందికి జారి, దూరం నుంచి చూస్తే అలల్లా కనపడేది. ఆ పెరట్లోనే ఐసు పెట్టి చేపలు సర్దే షెడ్డు వేద్దామని ఆయన ఉబలాటం. నేల మంచిది కాదు, వద్దని అంతకుముందే ఎవరో చెప్పి వెళ్లిపోయారు.

అప్పారావుగారు గోడ వంక చూడనైనా లేదు. నులకమంచం మీద కూర్చుని, యుద్ధం రోజుల్లో ఈ పెరట్లో ఏమైనా తవ్వారా అని అడిగారు. నాంచారయ్యగారు పకపకా నవ్వారు. విమానాలొస్తే దాక్కోడానికి వంకరటింకరగా కందకం తవ్వమన్నారట. తవ్వారు. రెండడుగులు తవ్వేసరికి నీళ్లు ఊరాయి. మర్నాటికి అందులో పీతలు చేరాయి.

"బాంబుకి చావకపోయినా జలుబుకి చచ్చేవాళ్లమండి. మా నాన్న విమానమొస్తే ఇంట్లోనే చస్తాను గానీ అందులో దిగనన్నాడు" అన్నారాయన.

తర్వాత ఆ కందకాన్ని బూడిద, చేపపొట్టు, ఆల్చిప్పలు ఏది దొరికితే దాంతో పూడ్చేశారు. పైన మట్టి కప్పి, మర్చిపోయి, దాని మీదుగా గోడ కట్టారు. కందకం వంకర తిరిగి గోడ కిందకి వచ్చిన ప్రతిచోటా గోడ జారింది. ఆ చెత్తంతా తోడించి ఇసుక కొట్టించాం. షెడ్డు వేశారు, ఇప్పటికీ ఉంది. నేలకి జబ్బేమీ లేదు, పాత గాయం ఒకటి ఉంది, అంతే.

వీధిపోటు

ఇక అసలు సంగతి. ముప్ఫై ఏళ్ల పైమాట. అప్పటికి అప్పారావుగారు రిటైరయ్యారు. బందరు దారిలో ఉన్న ఒక చిన్న పట్నానికి నన్ను వేశారు, ఇంటి నుంచి బస్సులో పోయొచ్చేవాణ్ణి. ఊరి పేరు రాయను, అక్కడివాళ్లు చదివితే వాళ్లకే తెలుస్తుంది. సగం ఊరు నేతపనివాళ్లు, మిగతా సగం వాళ్లు నేసిన బట్ట అమ్ముకునేవాళ్లు.

ఒక సందు సూటిగా వచ్చి ఒక పెద్ద పెంకుటింటికి తగిలేది. వెంకటరత్నంగారు, ఆయన భార్య మాణిక్యమ్మగారు, ఇద్దరు కొడుకులు, కోడళ్లు ఆ ఇంట్లో ఉండేవాళ్లు. ముందు హాల్లో నాలుగు గుంట మగ్గాలు. గుంట మగ్గమంటే నేతగాడు కాళ్లు పెట్టుకునే గొయ్యి నేల్లోనే ఉంటుంది. మంచమో బీరువానో అయితే బండిలో వేసుకుపోతాం. గొయ్యిని ఎలా పట్టుకుపోతాం? ఆ ఇల్లు ఖాళీ చెయ్యడమంటే మగ్గాలు ఆగిపోవడమే, ఇంటిల్లిపాదీ నోట్లో మట్టే.

ఆ ఇంటికే నోటీసు అంటించారు. గుమ్మం పైన ముందుగోడ నిలువునా పగిలింది, వానాకాలం లోపు ఖాళీ చెయ్యాలని. నాకంటే ముందున్న ఇంజనీరు రాసిపోయాడు. చెప్పానుగా, కూల్చమనడం తేలికని.

నేను వెళ్లేసరికి నాకు మొదట కనపడింది పగులు కాదు. గుమ్మానికి ఎదురుగా మందంగా ఒక అడ్డుగోడ. దానికి నిలువెల్లా పసుపు, కుంకుమ బొట్లు, పైన వేలాడుతూ బూడిదగుమ్మడికాయ. సందు తిన్నగా ఇంటిమీదకొస్తే వీధిపోటు అంటారు కదా, ఆ పోటు ఇంటికి తగలకుండా మావగారు ఈ గోడ కట్టించారని, అప్పట్నుంచే ఇల్లు కలిసొచ్చిందని మాణిక్యమ్మగారు నాకు చెప్పారు. ఇంకా నవ్వొచ్చే సంగతేమిటంటే, ఈ ఇల్లు బాగుపడింది చూసి ఆ వీధిలో మరో అరడజనుమంది తమ గుమ్మాలకీ గోడలు అడ్డం కట్టుకున్నారు. వాళ్లకి వీధిపోటూ లేదు, పాడూ లేదు. సైకిలు లోపల పెట్టుకోవాలంటే ఎత్తి తిప్పాల్సొచ్చేది. ఇప్పుడు బెంజ్ సర్కిల్లో వాస్తు బోర్డులు చూసి మనం నవ్వుతాం గానీ, మా డెల్టాకి ఈ పిచ్చి కొత్తేం కాదు.

గోడ చూడగానే నాకు బందరు కచేరీ గుర్తొచ్చింది. ఒక చీపురు తెమ్మన్నాను. మాణిక్యమ్మగారు మొహం చిట్లించారు, ఇంజనీరుకి చీపురెందుకని. పాత ఇళ్లు చూడ్డానికి చీపురుపుల్లని మించిన పనిముట్టు లేదు లావణ్యా, రాసిపెట్టుకో. గోడా గోడా ఒకేసారి కడితే ఇటుకలు ఒకదాన్లో ఒకటి దూరి ఉంటాయి, పుల్ల పోదు. ఆ అడ్డుగోడని తర్వాతెప్పుడో పిట్టగోడతో ఇంటికి కలిపారు. కలిసినచోట పుల్ల పెడితే పూర్తిగా లోపలికి పోయింది. ఆపైన, గోడ ఉంది కదా అని దాని మీద దూలాల ఒక కొస పెట్టి, రెండో కొస ఇంటి ముందుగోడలో దూర్చి, వసారా వేసుకున్నారు. పునాది లేని గోడ. దాని పక్కనే మురుగుకాలవ లోతు చేశారు. గోడ వీధివైపు వాలుతోంది, వాలుతూ దూలాలని పట్టుకుని ఇంటి ముందుగోడని లాగుతోంది. ఇల్లు రాయిలా ఉంది. కాపలాకి పెట్టినవాడే ఇంటావిడ చెయ్యి పట్టి లాగుతున్నాడు, అదీ సంగతి.

గోడ తీసేస్తే ఇల్లు నిలబడుతుందని చెప్పాను. మాణిక్యమ్మగారు లేచి నిలబడ్డారు. కాపాడిన గోడని పలుగులు పెట్టి పొడిపిస్తానా, గోడ పోయాక ఇల్లుండి ఏం లాభం, ఉంటే రెండూ ఉండాలి, పోతే రెండూ పోవాలి అన్నారు. కొడుకులు తలలు దించుకున్నారు. ఆ ఇంట్లో ఆవిడ మాటే మాట.

నేను అరిచి ఉంటే అక్కడితో అయిపోయేది. అలా అరిచి ఇళ్లు పోగొట్టినవాళ్లని చూశాను. కూర్చుని మజ్జిగ తాగాను. యుద్ధం రోజుల్లో ఈ ఇంట్లో ఏం జరిగేదని అడిగాను. ఆవిడ గర్వంగా చెప్పారు, నూలుకి కరువొచ్చిన రోజుల్లో ఊరందరికీ కోటా నూలు ఈ హాల్లోనే పంచేవారట, సందు చివరిదాకా జనం నిలబడేవారట. కరువులో కోటా నూలు చేతిలో ఉన్న ఇల్లు ఎందుకు కలిసొచ్చిందో నాకు అర్థమైంది, కానీ ఆ మాట పైకి అనలేదు. ప్రతి నిజాన్నీ అప్పటికప్పుడు చెప్పి తీరాలని ఏ రూల్సులోనూ లేదు.

"అంతమంది జనం చేరేచోట కాబట్టే ఆ గోడ కట్టించారమ్మా. బాంబు పడితే పెంకులు లోపలికి రాకుండా" అన్నాను.

ఆవిడ నమ్మలేదు. అప్పటిదాకా మూలన కూర్చుని రాట్నం మీద నూలు కండెలు చుట్టుకుంటున్న వెంకటరత్నంగారు తలెత్తకుండానే మాట్లాడారు. ఆయన గొంతు నేను వినడం అదే మొదలు.

"నిజమే. సర్కారోళ్లు కట్టమన్నారు. ఇటుకలు నేనే అందించా. యుద్ధం అయిపోయాక తీసెయ్యమని ఆర్డరొస్తుందని మా నాన్న ఎదురుచూశాడు. రాలా."

మాణిక్యమ్మగారు ఆయన వంక తిరిగారు. "ఇన్నేళ్లూ నాకు చెప్పలేదేం?"

"కొత్తకోడలివి. వచ్చిన మర్నాడే గోడకి పసుపు రాసి దణ్ణం పెట్టావు. చూడ్డానికి బాగుంది. ఎట్లా చెప్పను?" అన్నారాయన. రాట్నం తిరుగుతూనే ఉంది.

కోడళ్లు నవ్వు ఆపుకోలేక లోపలికి పోయారు. ఆవిడకి కోపమొచ్చిందో, సిగ్గేసిందో, రెండూనో! నేను నెమ్మదిగా అన్నాను, "యుద్ధం ఎప్పుడో అయిపోయిందమ్మా. ఆ సంగతి ఈ గోడకి ఎవరూ చెప్పలేదు, అంతే."

"మావయ్య చెప్పాల్సింది. ఆయన చెప్పలా. ఈయన చెప్పలా. ఇక నేనే చెప్తా" అన్నారు ఆవిడ.

ఉద్వాసన

పూజ అయిపోయాక దేవుణ్ణి చెత్తలో పారేస్తామా? ఉద్వాసన చెప్పి, దణ్ణం పెట్టి, విగ్రహాన్ని కాస్త కదిపి పంపిస్తాం. గోడకీ అలాగే చేస్తానన్నారు మాణిక్యమ్మగారు. శుక్రవారం మాత్రం వద్దన్నారు, లక్ష్మి కదిలే రోజు కాదని. నాకేం అభ్యంతరం? ఇంజనీరింగులో శుక్రవారానికి ప్రత్యేకమైన సూత్రమేమీ లేదు.

ముందు వసారా దూలాల కింద సరుగుడు బాదులు ఊతంగా పెట్టించాను. ఆవిడ గోడకి తలంటి పోసినట్టు నీళ్లు పోసి కడిగి, చివరిసారి పసుపు రాసి, కొబ్బరికాయ కొట్టారు. స్టూలెక్కి పైవరసలో ఒక ఇటుకని రెండు చేతులా పట్టుకుని ఈశాన్యం వైపు జరిపారు. "మమ్మల్ని కాపాడావు. నీ పని అయిపోయింది. వెళ్లిరా" అన్నారు. పలుగులు పట్టుకున్న కూలీలు కూడా తలపాగాలు తీశారు. అంతటి గౌరవం మా డిపార్టుమెంటులో రిటైరైనవాళ్లకి కూడా దక్కదు.

సాయంత్రానికి గోడ నేలమట్టమైంది. హాల్లోకి వీధి వెలుగు వచ్చి తిన్నగా మగ్గాల మీద పడింది. పెద్దకొడుకు, అంచులో రంగు పగలే కనపడుతోంది, ఇక దీపం ఖర్చు లేదన్నాడు.

అక్కడితో అయిపోలేదు. గోడ తీసినంత మాత్రాన నోటీసు పోదు. మా కమిషనరుగారితో మాట్లాడి వానాకాలం వెళ్లేదాకా గడువు అడిగాను. పగులు మీద అడ్డంగా సన్నటి గాజు పట్టీలు సున్నంతో అతికించాను. గోడ ఇంకా కదుల్తుంటే గాజు చిట్లుతుంది. చిట్లితే నేనే వచ్చి ఖాళీ చేయిస్తానని మాణిక్యమ్మగారితో మొహం మీదే చెప్పాను. దానికి ఆవిడ సరేనన్నారు. వారం తర్వాత వెళ్లి చూద్దును గదా, గాజు పట్టీలకి పసుపు, కుంకుమ! గోడకి ఉద్వాసన చెప్పి గాజుపెంకుకి పూజ మొదలెట్టింది మహాతల్లి. కుంకుమ మధ్యలో గాజు కనపడక నా ప్రాణం తీసేది. తుడిచి చూసుకుని, మళ్లీ ఆవిడ చూడకముందే బొట్టు పెట్టి వచ్చేవాణ్ణి.

ఇంకో చిత్రం చూశాను. గోడ లేకపోయినా ఆ ఇంట్లోవాళ్లందరూ పక్కకి తిరిగే లోపలికి పోయేవారు. లేని గోడ చుట్టూ తిరిగేవారు. నూలు మూటలు మోసేవాడూ అంతే, పాలు పోసే ఆవిడా అంతే. భయం పోయాక కూడా కాళ్లు దాన్ని మోస్తూనే ఉంటాయి కాబోలు.

ఆ ఏడు వానలు దంచి కొట్టాయి. గాలివాన వచ్చిన రోజు నాకు అన్నం సయించలేదు. తెల్లారగానే బస్సెక్కి పరిగెత్తాను. వీధంతా మోకాల్లోతు నీళ్లు. గాజు పట్టీలు ఒక్కటీ చిట్లలేదు. నాకు ఏడుపొచ్చినంత పనయింది, రాయడానికి సిగ్గెందుకు?

వానలు వెలిశాక నోటీసు రద్దయింది. ఆ కబురు నేనే పట్టుకెళ్లాను. పగులు పూడ్చి, వసారాకి సొంతంగా స్తంభాలు పోయించారు. గోడ ఇటుకలు మగ్గం గుంతల అంచులకి వాడుకున్నారు. పక్కింటివాళ్లూ ఒకరి తర్వాత ఒకరు తమ గోడలకి ఉద్వాసన చెప్పేశారు, వాళ్ల గోడలు ఏ యుద్ధమూ చూడకపోయినా.

కబురు వినగానే మాణిక్యమ్మగారు లోపలికెళ్లి కొత్తచీర కట్టుకొచ్చారు. వెంకటరత్నంగారిని రాట్నం దగ్గర్నుంచి లేపారు. వేలికి చుట్టుకున్న దారం తెంపుకోడానికి కూడా ఆయనకి తీరిక ఇవ్వలేదు. ఇద్దరూ వీధిలోకి వెళ్లి, సందు మధ్యలో గుమ్మానికి సూటిగా నిలబడ్డారు. కోడళ్లు నవ్వుకుంటూ గడప మీద బియ్యం చెంబు పెట్టారు. ఆవిడ పక్కకి తిరగలేదు. తిన్నగా నడిచొచ్చి, చెంబుని తన్ని, కుడికాలు లోపల పెట్టారు.

నేను హాల్లో గోడకి ఆనుకుని నిలబడి ఉన్నాను. నా వంక తిరిగి, "అప్పుడు పక్కదారిన వచ్చాను బాబూ. ఇవాళే కాపరానికొచ్చా" అన్నారు.

వెనక వెంకటరత్నంగారు వేలికి దారంతో గడప దాటి, తిన్నగా రాట్నం దగ్గరికి వెళ్లి కూర్చున్నారు.